కళ్ళు మూసుకుని చెయ్యెత్తండి

"ముద్ర వెయ్యమ్మా, నీకు దణ్ణం పెడతాను" అన్నాడు మా ఆయన మూడోసారి.

మా అత్తగారు ముల్లంగి ఊరగాయ నములుతూ కూర్చుంది. డెబ్బై నాలుగేళ్ళు వచ్చినా ఆవిడ పళ్ళు గట్టివి. ఆ కరకర తప్ప ఇంట్లో వేరే చప్పుడు లేదు.

బల్ల మీద సూపు గిన్నెకీ చేప పళ్ళేనికీ మధ్య సంజాయిషీ కాగితం ఉంది. పక్కన ఎర్ర సిరా డబ్బా మూత తీసి ఉంది. కాగితం అడుగున షిమోజో ఫుకుయో అని ఇంటిపేరుతో సహా అత్తగారి పేరు టైపు చేసి, పక్కన సంతకానికి బదులు ముద్రకి చోటు వదిలారు. చేసింది మా ఆయనే. ఊరి విద్యా కార్యాలయంలో ఇరవై ఏళ్ళ సర్వీసున్న మనిషి, కన్నతల్లి చేత క్షమాపణ చెప్పించే కాగితానికి కూడా మార్జిన్లు సరిచూసుకుని మరీ తెచ్చాడు.

"చదువు" అంది అత్తగారు.

"రాత్రే చదివావుగా."

"నీ నోటితో వినాలి."

మా ఆయన తత్సురో గొంతు సవరించుకున్నాడు. "ఈ నెల పద్దెనిమిదిన మిడిల్ స్కూల్ మూడో సంవత్సరం విద్యార్థులకు ప్రాణం విలువ గురించి పాఠం చెబుతూ, ముందుగా సమర్పించిన ప్రణాళికలో లేని అనుచిత వ్యాఖ్య చేసినందుకు..."

"ఏ వ్యాఖ్య?"

"అదే."

"అదే అంటే?"

"అమ్మా."

"ఏ మాటకి తప్పు ఒప్పుకుంటున్నానో అందులో ఉండొద్దూ? రేపెవరైనా చూసి, ఈ ముసల్ది పిల్లలకి బూతులు నేర్పింది కాబోలు అనుకుంటే?"

"ఆ మాట ఆఫీసు కాగితంలో రాయకూడదు."

"రాయకూడని మాటకి రాతపూర్వకంగా క్షమాపణ చెప్పాలి. బావుందిరా."

"నేను చెప్పనా, నానమ్మ ఏమందో?" అంది మా అమ్మాయి కొనోమి. అది ఆ క్లాసులోనే ఉంది మరి. ఆ రోజు దానికి పరీక్ష. ఒక చేత్తో అన్నం, ఇంకో చేత్తో ఇంగ్లీషు మాటల పుస్తకం.

"నువ్వు తిని వెళ్ళు" అన్నాం మొగుడూ పెళ్ళాలం ఒకేసారి. మేమిద్దరం ఒకే మాట మీద ఉన్న సందర్భాలు తక్కువ. ఇదొకటి.

కొనోమి ఒకసారి నాన్న వైపు, ఒకసారి నా వైపు చూసి, సంచీ తగిలించుకుని వెళ్ళిపోయింది. బయట వానలో మంచు కలిసి పడుతోంది. చూరుకి ఆరగట్టిన పండ్లని లోపల పెట్టాలని గుర్తొచ్చింది కానీ నేను కదల్లేదు. ఇలాంటి గొడవ జరుగుతుంటే వదిలి వెళ్ళడం నా వల్ల కాదు. కుతూహలం నాకున్న రోగం, దాచుకోను.

ఆ మాటేమిటో ఇక్కడ నేనూ దాటేస్తే మా ఆయనకీ నాకూ తేడా ఉండదు. అత్తగారు నలభై ఏళ్ళు మంత్రసానిగా పనిచేసింది. ఈ ఊళ్ళో సగం మందిని అందరికంటే ముందు చూసిన కళ్ళు ఆవిడవి. అందుకే బడివాళ్ళు పిలిచారు. ఏం చెప్పబోతోందో ముందే రాసిమ్మన్నారు, వైస్ ప్రిన్సిపాల్ ఎర్ర పెన్నుతో కొన్ని కొట్టేశాడు, ఆవిడ సరేనంది. పాఠ్యపుస్తకంలో అండమూ వీర్యకణమూ కలిశాక ఏం జరుగుతుందో బొమ్మలతో సహా ఉంది. కలవడానికి ముందు ఏం జరుగుతుందో లేదు. ఆ మధ్యలోది చెప్పొద్దని పైవాళ్ళ నిబంధన.

ఆవిడ అంతా రాసిచ్చినట్టే చెప్పింది. చివర్లో వెనక బెంచీ నుంచి ఎవరో లేచి, "ఆ రెండూ ఎలా కలుస్తాయండీ?" అని అడిగారు. క్లాసు నవ్వింది. టీచర్లు నేల చూపులు చూశారు. అత్తగారు మాత్రం, "మంచి ప్రశ్న. ఇద్దరు మనుషుల శరీరాలు కలిసినప్పుడు వీర్యకణాలు స్త్రీ శరీరంలోకి చేరతాయి. దాన్ని లైంగిక సంపర్కం అంటారు. ఇద్దరికీ ఇష్టమై ఉండాలి. ఒకరు కాదంటే కాదనే" అంది. అంతే. మర్నాటికి ఊరి సభలో ఒక పెద్దమనిషి విద్యా కార్యాలయానికి ఫోన్ చేశాడు. ఫోనెత్తింది మా ఆయన.

"ఈ కాగితం పన్నెండింటిలోపు మా అధికారి బల్ల మీద ఉండాలి" అన్నాడు తత్సురో. "ముద్ర వేస్తే ఇంతటితో ముగిసిపోతుంది."

"గురువారం క్లాసో?"

"అది రద్దు."

"అయితే వెయ్యను."

"అమ్మా, నేను ఆ ఆఫీసులో ఇంకా పద్నాలుగేళ్ళు పనిచెయ్యాలి."

"చెయ్యి. నేను అడ్డమా?"

మా ఆయన చాప మీద రెండు చేతులూ ఆనించి తల వంచాడు. కొడుకు తల్లికి అలా మొక్కడం చూస్తే ఎవరికైనా మనసు కరుగుతుంది. అత్తగారిది కరగలేదు. లేచి వెళ్ళి తన గదిలోంచి బియ్యపు అప్పడాల పాత రేకు డబ్బా ఒకటి తెచ్చి, బల్ల మీద గిన్నెలు జరిపి, దాన్ని మధ్యలో పెట్టింది.

"గురువారం నేనెందుకు వెళ్ళాలో చూడు. చూశాక నువ్వే చెప్పు."

నేను చటుక్కున జరిగి దగ్గరగా కూర్చున్నాను.

క్లాసయ్యాక పిల్లలందరికీ తలో చీటీ ఇచ్చిందట ఆవిడ. పేరు రాయొద్దు, అడగాలనుకున్నది రాయండి, గురువారం జవాబులు చెబుతాను, ఎవరు రాశారని ఎవ్వరూ అడగరు, ఇది నా మాట అందట. ఒక్క చీటీ కూడా ఖాళీగా రాలేదు. మొత్తం యాభై మూడు.

"చదవనా అత్తయ్యా?" అన్నాను.

"చేతులు తుడుచుకో ముందు."

ఒక్కొక్కటీ తీశాను. 'గొంతు మారేటప్పుడు నొప్పి పుడుతుందా? మా తమ్ముడి కోసం అడుగుతున్నాను.' 'ఆపరేషన్ చేసి బయటికి తీస్తే అది పుట్టడమే అవుతుందా?' 'ఎదుటి మనిషికి ఇష్టమో కాదో ఎలా తెలుస్తుంది? అడిగితే నవ్వుతారేమో.' 'అందరికీ ఎవరో ఒకరు నచ్చుతున్నారు. నాకెవరూ నచ్చడం లేదు. ఇంకా టైముందా, లేక నేనే వేరా?' 'మా అమ్మానాన్నలు మూడేళ్ళుగా మాట్లాడుకోవడం లేదు. నాకు చెల్లెలు పుట్టే అవకాశం ఉందా?' ఒకటైతే, 'మీ చేతులు ఎందుకంత పెద్దవి?' అని.

"దీనికేం చెబుతారు?" అని నవ్వాను.

"పురుళ్ళు పోసి పోసి పెరిగాయని చెబుతాను."

మా ఆయన నవ్వలేదు కానీ, చెల్లెలి చీటీ తీసుకుని రెండుసార్లు చదివాడు. అది ఎవరింటి సంగతో ఊహిస్తున్నట్టున్నాడు. నేనూ ఊహించాను. మరి ఆ చీటీల్లో సగం ప్రశ్నలు నావే. నలభై నాలుగేళ్ళు వచ్చాయి, ఒక బిడ్డని కన్నాను, అయినా ఎదుటి మనిషికి ఇష్టమో కాదో ఎలా తెలుస్తుందని ఎవరినీ అడగలేదు. నాకెవరూ చెప్పనూ లేదు. పదిహేనేళ్ళ పిల్లలు పెన్సిలు పట్టుకుని దర్జాగా అడిగేశారు. వాళ్ళని చూస్తే నాకు అసూయ పుట్టింది.

"ఇప్పుడిది చదవండి" అని అత్తగారు తన జేబులోంచి ఇంకో చీటీ తీసింది. డబ్బాలో కలపకుండా విడిగా దాచింది.

అది చేత్తో రాసినట్టు లేదు. ఒక్కో గీతా స్కేలు పెట్టి గీసి అక్షరాలు చేశారు. రాత ఎవరిదో తెలియకూడదని.

'నెలసరి రెండు నెలలుగా రాలేదు. ఇంట్లో తెలియకుండా ఎవరి దగ్గరికి వెళ్ళాలి? గురువారం చెప్పండి.'

పొయ్యి మీద కెటిల్ ఈల వేసింది. లేచి కట్టేసి వచ్చి కూర్చున్నాను.

"ఇది బడికి చెప్పాలి" అన్నాడు తత్సురో చివరికి.

"చెబితే ఏం చేస్తారు?"

"ఎవరో కనుక్కుంటారు."

"అందుకే చెప్పకూడదు. వెతికి పట్టుకుంటే ఆ పిల్ల నోరు మూసుకుంటుంది. అడగరని నేను మాటిచ్చాను కాబట్టే రాసింది. గురువారం నేను అందరి ముందూ, అందరికీ చెబుతున్నట్టు, ఏ ఆసుపత్రిలో ఏ గది, ఎవరికి ఫోన్ చెయ్యాలి, వాళ్ళు ఇంటికి చెబుతారా చెప్పరా, అంతా చెబుతాను. వినాల్సిన వాళ్ళు వింటారు. ఎవరి ముఖమూ నేను చూడను. నాకు పది నిమిషాలు చాలు."

"క్లాసు రద్దయితే?"

"ఇంకో నెల గడుస్తుంది. ఇలాంటిదాంట్లో ప్రతి వారమూ లెక్కేరా."

తత్సురో ఆ చీటీని వేలితో తాకకుండా చూస్తూ కూర్చున్నాడు. చెడ్డవాడు కాదు మా ఆయన. భయస్థుడు. భయస్థులతో కాపురం చేసేవాళ్ళకి ఆ తేడా బాగా తెలుస్తుంది.

"సరే" అంది అత్తగారు. "బేరం. నేను ముద్ర వేస్తాను. అనుచిత వ్యాఖ్య అను, అధిక ప్రసంగం అను, ఏదైనా ఒప్పుకుంటాను. నువ్వు నాకు గురువారం పది నిమిషాలు ఇప్పించు. ఈ చీటీ సంగతి మాత్రం బయట నోరెత్తకు. సరేనా?"

"అలాగే."

"మాటేనా?"

"మాటేనమ్మా."

ఆవిడ ముద్రని సిరాలో అద్ది, కాగితం మీద నొక్కింది. నలభై ఏళ్ళు పుట్టిన బిడ్డల పత్రాల మీద వేసిన ముద్ర అది. ఏ మూలా చెదరకుండా గుండ్రంగా పడింది. నాకు ఏడుపొచ్చింది. ఆవిడ మాత్రం సిరా అంటిన ముద్రని కాగితంతో తుడిచి, మళ్ళీ ముల్లంగి ముక్క అందుకుంది.

మా ఆయన వెళ్ళాక గిన్నెలు కడిగాను. కడుగుతూ ఆగాను. ఆ చీటీ గీసిన స్కేలు ఏదయ్యుంటుందా అని ఆలోచన వచ్చింది. కొనోమి బల్ల మీద నీలం స్కేలు ఒకటుంది. అలాంటివి క్లాసులో అందరికీ ఉంటాయి. ఉంటాయని తెలిసినా మనసు ఆగలేదు.

చేతులు తుడుచుకుని బాత్రూమ్‌లోకి వెళ్ళి, అలమరాలో అడుగు అరలో ఉన్న కొనోమి ప్యాడ్ల ప్యాకెట్ తీశాను. లెక్కపెట్టాను. ఎనిమిది మిగిలాయి. ఎనిమిదంటే ఏమిటి అర్థం? ఎప్పుడు కొన్నామో నాకు గుర్తులేదు. అది పన్నెండో ఏట మొదటిసారి వచ్చిందని చెప్పినప్పుడు, ఆనవాయితీగా శుభానికి వండే ఎర్ర చిక్కుళ్ళ అన్నం వండి పెట్టి ఊరుకున్నాను. ఆ పూట అది ముద్ద మింగకుండా నా ముఖం వంకే చూసింది. ఏదో అడుగుతుందేమోనని నేనే లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఆ తర్వాత మేమిద్దరం ఆ సంగతి మాట్లాడుకోలేదు. దుకాణానికి వెళ్ళినప్పుడు నేను కొనడం, అరలో పెట్టడం, అది తీసుకోవడం. మూడేళ్ళు అలా గడిపేశాం. బాత్రూమ్ నేల మీద కూర్చుని సిగ్గుపడ్డాను. నా కూతురి గురించి నేను ప్యాకెట్టుని అడుగుతున్నాను.

పన్నెండు దాటాక, నూడుల్స్‌కి నీళ్ళు పెడుతుంటే వాకిట్లో కారు ఆగింది. మా ఆయన మధ్యాహ్నం ఇంటికి ఎప్పుడూ రాడు. బూట్లు విప్పి సర్దకుండా లోపలికి వచ్చాడు. అదీ ఎప్పుడూ చెయ్యడు.

"కొనోమి వచ్చిందా?"

"ఇంకా లేదు. పరీక్ష ఒంటిగంట దాకా ఉందేమో."

"పరీక్ష పదకొండింటికే అయిపోయింది." గోడకి ఆనుకున్నాడు. "వైస్ ప్రిన్సిపాల్ ఫోన్ చేశాడు. ఆ చీటీ రాసింది కొనోమి అట."

నా చేతిలోంచి నూడుల్స్ కట్ట పొయ్యి పక్కన పడింది. అత్తగారు గది తలుపు జరిపి బయటికి వచ్చింది.

"చీటీ సంగతి బడికెలా తెలిసింది?" అంది.

మా ఆయన వెళ్ళి విప్పిన బూట్లు సర్దబోయాడు.

"తత్సురో, నిన్నే."

"పది నిమిషాలు అడిగానమ్మా. ఎందుకన్నారు. ఊరికే అంటే కుదరదన్నారు. మా ఆఫీసులో కారణం లేకుండా ఏదీ కదలదు. మా అధికారికి ఒక్కడికే చెప్పాను, మనసులో పెట్టుకోమన్నాను. ఆయన తన పైవాళ్ళకి చెప్పకుండా ఉండకూడదు. పైవాళ్ళు ప్రధానోపాధ్యాయుడికి చెప్పకుండా ఉండకూడదు. అరగంటలో..."

"నాకు మాటిచ్చావు."

"నీ కోసమే చెప్పాను."

"నీ మాట నమ్మి ముద్ర వేశాను" అంది అత్తగారు. గొంతు పెంచలేదు. ఆవిడ అరిచి ఉంటే మా ఆయనకి తేలిగ్గా ఉండేది. ఆవిడ అటు తిరిగి కూర్చుంది.

తలుపు తెరుచుకుంది. "వచ్చాను" అని కొనోమి గొంతు. రోజూ లాగే నేరుగా వెళ్ళి చేతులు కడుక్కుంది. కొళాయి ఆగేదాకా ముగ్గురం ఆ చప్పుడే విన్నాం. వచ్చి కూర్చుంది. దాని ముఖంలో భయం ఉంది, దాని మీద మొండితనం ఉంది. రెండోది అచ్చం నానమ్మది.

"ఏం జరిగింది?" అన్నాను.

"పరీక్ష అయ్యాక మూడో సంవత్సరం ఆడపిల్లలందర్నీ సంగీతం గదికి రమ్మన్నారు. అబ్బాయిల్ని వ్యాయామశాలలో బంతాట ఆడుకోమన్నారు. తలుపులేశారు, తెరలు లాగారు. వైస్ ప్రిన్సిపాల్ వచ్చి, ఎవరూ ఎవరినీ చూడకండి, అందరూ తలలు వంచి కళ్ళు మూసుకోండి, ఆ చీటీ రాసినవాళ్ళు నిశ్శబ్దంగా చెయ్యెత్తండి, నాకొక్కడికే తెలుస్తుంది, తిట్టను అన్నారు."

చిన్నప్పుడు కిటికీ అద్దం పగిలినా, ఎవరి డబ్బాలోనో గుడ్డు మాయమైనా మా టీచర్లు అలాగే చేసేవాళ్ళు. కళ్ళు మూసుకుని చెయ్యెత్తండి. ఈ దేశంలో బడికి వెళ్ళినవాళ్ళెవరూ ఆ చీకటిని మరిచిపోరు. చెయ్యి ఎత్తకపోయినా గుండె కొట్టుకుంటుంది.

"ఎవరూ ఎత్తలేదు" అంది కొనోమి. "అయిదు నిమిషాలు. పది నిమిషాలు. ఎత్తేదాకా ఇంటికి పంపనన్నారు. ఇరవై నిమిషాలు. ఎవరో ముక్కు ఎగబీల్చారు. నేను కళ్ళు తెరిచి చూశాను."

"తెరవొద్దన్నారుగా" అన్నాడు మా ఆయన.

"తెరిచాను నాన్నా. నా ముందు వరసలో ఒకమ్మాయి వీపు వణుకుతోంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని గట్టిగా పట్టుకుంది. నేను చెయ్యెత్తాను. ఎవరో ఒకరు ఎత్తేదాకా వదలరు కదా."

నిజం చెబుతున్నాను, దాని మాట నమ్మాలని నాకు ఎంత ఉందో, నమ్మడానికి అంత భయమూ వేసింది. తల్లి మనసు అంటారు కానీ, అది చాలా పిరికి వస్తువు. మా ఆయన నా వైపు చూశాడు. అడుగు అన్నట్టు చూశాడు. ఆయన అడగడు, నేను అడగాలి. మూడేళ్ళుగా ఇంట్లో పలకని మాట అది.

"కొనోమీ, నీకు నెలసరి సరిగ్గా వస్తోందా?"

"పోయిన వారం వచ్చింది." నా వైపు తిరిగింది. "అలమరాలో ప్యాకెట్ లెక్కపెట్టావు కదూ? ఎప్పుడూ దాన్ని పడుకోబెట్టి పెడతాను. ఇప్పుడు చేతులు కడుక్కుంటుంటే నిలబడి కనిపించింది."

తల దించుకున్నాను. "క్షమించు."

"అడిగావుగా ఇప్పుడు. చాలు."

మామూలుగానే అంది ఆ మాట. నాకు మాత్రం కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అయితే ఇందులో గొడవేముంది" అన్నాడు తత్సురో, ప్రాణం లేచొచ్చినట్టు. "మూడింటికి తల్లీ కూతుళ్ళని రమ్మన్నారు. వెళ్ళి, పొరపాటున ఎత్తానని చెప్పెయ్. నీకు హైస్కూలుకి బడివాళ్ళు సిఫారసు రాయాలి. వచ్చే వారమే దాని మీద మీటింగు. ఇది కాగితం మీదికి ఎక్కితే సిఫారసు ఉండదు."

"నేను కాదంటే రేపు మళ్ళీ అందర్నీ ఆ గదిలో కూర్చోబెడతారు."

"అది బడివాళ్ళ పని."

"మొదలుపెట్టింది నువ్వు నాన్నా."

ఆయన టై వదులు చేసుకున్నాడు. అత్తగారు అటు తిరిగే ఉంది, కానీ వింటోందని ఆవిడ మెడ చెబుతోంది.

"మీకు తెలుసా" అన్నాను మా ఆయనతో. ఎందుకన్నానో తెలియదు. "మా అయిదో తరగతిలోనూ నెలసరి గురించి చెప్పడానికి ఆడపిల్లల్ని ఇలాగే గదిలోకి తీసుకెళ్ళి, మగపిల్లల్ని ఆడుకోమన్నారు. మిమ్మల్ని కూడా పంపించే ఉంటారు. లోపల మాకేం చెప్పారో మీరెప్పుడూ అడగలేదు."

"అడగకూడదనుకున్నాను."

"తెలుసుకోవాలనిపించలేదా?"

"ఆ రోజు బంతి ఎవరి మీదికి విసిరానో కూడా గుర్తులేదు" అన్నాడు. "ఆట మీద ధ్యాస లేదు. కిటికీ వైపే చూస్తున్నాను."

నలభై ఆరేళ్ళ మనిషి, పెళ్ళై పద్దెనిమిదేళ్ళు. ఆ సంగతి నాకు ఆ రోజే తెలిసింది. ఆయన మీద నాకు కోపమూ జాలీ కలిసి వచ్చాయి.

అప్పుడు వాకిట్లో సైకిల్ పడేసిన చప్పుడయింది. తలుపు గంట మోగలేదు, ఎవరో తలుపు తట్టారు. నేను వెళ్ళి తీశాను.

ఒకబ్బాయి. బడి వ్యాయామం దుస్తుల మీద కోటు కూడా లేదు. జుట్టులో మంచు కరిగి బుగ్గల మీదికి కారుతోంది.

"కుసునోకి" అంది కొనోమి నా వెనక నుంచి. "మా క్లాసే."

అబ్బాయి నడుం వరకు వంగాడు. లేచాక నన్ను చూడలేదు, కొనోమిని చూడలేదు. లోపల అటు తిరిగి కూర్చున్న అత్తగారి వీపు వైపు చూశాడు.

"నానమ్మగారూ, గురువారం క్లాసు లేదంటున్నారు. నిజమేనా?"

అత్తగారు వెనక్కి తిరిగింది.

"ఆ చీటీ నేను రాశానండి" అన్నాడు.

మా ఆయన లేచి నిలబడ్డాడు. మళ్ళీ కూర్చున్నాడు. ఇరవై ఏడు మంది ఆడపిల్లల్ని చీకట్లో కూర్చోబెట్టి ఇరవై నిమిషాలు వెతికారు. రాసినవాడు అంతసేపూ వ్యాయామశాలలో బంతి ఆడుతున్నాడు. వీడు రాసి ఉండొచ్చని ఆఫీసులో గానీ, బడిలో గానీ, ఈ ఇంట్లో గానీ ఒక్కరికి తట్టలేదు. నాకూ తట్టలేదు.

"ముందు ఆ అమ్మాయినే అడగమన్నాను. సిగ్గేస్తోంది, భయమేస్తోంది అంది. అందుకని నేను రాశాను. మీరు ఎవరూ అడగరన్నారు కదా." అబ్బాయి గొంతు అక్కడ పట్టు తప్పింది. "షిమోజో చెయ్యెత్తిందని ఇప్పుడే తెలిసింది. నేను వెళ్ళి చెప్పేస్తాను. కానీ చెబితే తను ఎవరని అడుగుతారు. నేనేం చెయ్యాలండీ?"

"ముందు లోపలికి రా. తడిసిపోయావు" అంది అత్తగారు.

హాల్లో ఫోన్ మోగింది. అది ఎవరిదో అందరికీ తెలుసు. మా ఆయన లేవబోయాడు. ఆయన కంటే ముందు నేను వెళ్ళి ఎత్తాను.

"షిమోజోగారిల్లేనా? మీ అమ్మాయి విషయం. మూడింటికి వస్తున్నారు కదా" అన్నాడు వైస్ ప్రిన్సిపాల్. చాలా మర్యాదగా అన్నాడు. "అమ్మాయి ఒప్పుకుంది కాబట్టి ఇక మిగతా పిల్లల్ని ఇబ్బంది పెట్టనక్కర్లేదు. అంతా మన మధ్యే ఉంటుంది."

నేను కొనోమి వైపు చూశాను. కొనోమి చెప్పొద్దని తల అడ్డంగా ఊపింది. దాని సిఫారసు గుర్తొచ్చింది. చిన్నప్పటి నుంచి అది కోరుకుంటున్న బడి గుర్తొచ్చింది. ఒక్క మాట చాలు. రాసింది మా అమ్మాయి కాదు, ఇదిగో ఈ అబ్బాయి అంటే చాలు. నాలుక చివర దాకా వచ్చింది. ఎంత సులువో అనిపించింది, ఆ సులువు చూసి నా మీద నాకే అసహ్యం వేసింది.

"వస్తున్నాం" అన్నాను. "మా అమ్మాయితో పాటు వస్తున్నాను."

నా వెనక అత్తగారు తువ్వాలు తెచ్చి అబ్బాయి తల మీద వేసింది. "నువ్వు బడికి వెళ్ళొద్దు" అంటోంది. "ఆ పిల్ల దగ్గరికి వెళ్దాం. నీతో నేనూ వస్తాను. తను ఇంట్లోనే ఉంటుందా ఇప్పుడు?"

అబ్బాయి తువ్వాలు కింద నుంచి ఏదో అన్నాడు. వినపడలేదు.

"గట్టిగా చెప్పు నాన్నా."

"ఇంటికి వెళ్ళలేదండి. సంగీతం గదిలోంచి వచ్చినప్పటి నుంచి ఫోన్ ఎత్తడం లేదు. అంతా వెతికాను. అందుకే ఇక్కడికి వచ్చాను."

కొనోమి ముఖం పాలిపోయింది. అత్తగారు అప్పటికే గడప దగ్గర కూర్చుని బూట్లలో కాళ్ళు దూరుస్తోంది. మా ఆయన కారు తాళాలు చేతిలో పట్టుకుని, నేను తీసుకెళ్ళనా అని తల్లిని అడగడానికి ధైర్యం చాలక నిలబడ్డాడు.

"షిమోజోగారూ" అంటోంది ఫోను. "షిమోజోగారూ, వింటున్నారా?"